రేస్ బోర్డు కొంటే 26 అంగుళాలదే ఎందుకంటే

సియాటిల్ పక్కన లేక్ సమామిష్‌లో కొన్నేళ్లుగా ఈ స్టాండప్ ప్యాడిల్ బోర్డు (నిలబడి తెడ్డు వేస్తూ నడిపే బోర్డు) మీదే తిరుగుతున్నాను. 14 అడుగుల పొడవు, 26 అంగుళాల వెడల్పు, కార్బన్ బాడీ, నిలబడే చోట కాస్త లోతుగా దిగిన డెక్, అంటే బోర్డు పైభాగం. కంపెనీ పేరు అనవసరం, ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి.

రేస్ బోర్డు అనగానే షాపులో 23, 24 అంగుళాలవి చూపిస్తారు. నీళ్లు కదలకుండా ఉంటే అవి దూసుకుపోతాయి, కాదనను. కానీ వేసవిలో మా లేక్ పొద్దున్నే కాసేపు అలా ఉంటుంది, అంతే. ఆ తర్వాత వేక్‌సర్ఫింగ్ బోట్లు దిగుతాయి, వెనక సర్ఫింగ్ చేయడానికి కావాలని పెద్ద అలలు లేపే మోటారు బోట్లు. వాటి అలలు ఒడ్డుకు కొట్టుకుని వెనక్కి వచ్చి, కొత్తగా వచ్చేవాటితో కలిసి అన్ని వైపుల నుంచీ కుదుపుతాయి. సన్న బోర్డు మీద అప్పుడు తెడ్డు వేసేది ముందుకు పోవడానికి కాదు, పడిపోకుండా ఆపుకోవడానికి. 26 మీద నా తెడ్డు ఆగదు. కాళ్లు అలిసిపోయాక ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. నా బరువు 80 కిలోల పైనే. సన్నగా ఉండేవాళ్లకి ఇంకో అంగుళం తగ్గినా ఇబ్బంది ఉండదు.

అలాగని వెడల్పు ఒక్కటే చూసి కొనకండి. అడుగు గుండ్రంగా ఉంటే 26 కూడా ఊగుతుంది, చదునుగా ఉంటే నిలుస్తుంది. టెయిల్, అంటే బోర్డు వెనక కొస, కూడా ముఖ్యమే. రేసులో మలుపు గుర్తుగా నీళ్లలో తేలే బోయ్ (buoy) దగ్గర తిరగాలంటే వెనక్కి అడుగులేసి, ముక్కు పైకి లేపి బోర్డును తిప్పాలి. టెయిల్ సన్నగా ఉంటే అక్కడే నీళ్లలో పడతాం. నాది వెడల్పుగా, అడ్డంగా కోసినట్టుంటుంది కాబట్టి ధైర్యంగా వెనక్కి వెళ్తాను. కాకపోతే లోతు డెక్ అంచు కాలికి అడ్డొస్తుంది, చూడకుండా దాటడం అలవాటు కావాలి. అలలున్నప్పుడు ఆ గుంటలో నీళ్లు చేరతాయి. కదులుతుంటే రంధ్రాల్లోంచి పోతాయి, ఆగితే పాదాలు చల్లటి నీళ్లలోనే. నవంబరులో ఆ సరదా చెప్పనక్కర్లేదు.

బోర్డు అడుగున వెనక వైపు ఉండే రెక్క, ఫిన్, మాత్రం మార్చాల్సిందే. ఆగస్టుకల్లా ఒడ్డు దగ్గర నీటి మొక్కలు తెగ పెరిగిపోతాయి. బోర్డుతో వచ్చిన నిటారు ఫిన్‌కి అవి చుట్టుకుని, వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు ఉండేది. వెనక్కి వాలుగా ఉండే వీడ్ ఫిన్ పెట్టాక మొక్కలు జారిపోతున్నాయి. నిలకడ రవ్వంత తగ్గింది, 26 కాబట్టి సర్దుకుంది.

పెద్ద తలనొప్పి కారు మీద తీసుకెళ్లడం. సియాటిల్ నుంచి లేక్ వాషింగ్టన్ దాటించే 520 బ్రిడ్జి మీద పక్కగాలి కొడితే టెన్షనే, ముందు వైపు కూడా తాడు కట్టకుండా బయల్దేరను. లైఫ్ జాకెట్ ఎలాగూ ఉండాలి, సర్ఫింగ్ చేసే చోటు దాటితే ఇక్కడి కోస్ట్ గార్డ్ ఈ బోర్డును పడవగానే లెక్కేస్తుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొలతలో సెకండ్ హ్యాండ్ చూస్తాను. సీజన్ అయిపోయాక రేసులాడేవాళ్లు పాతవి అమ్మేస్తుంటారు. డెక్ మీద గీతలు పెద్ద విషయం కాదు. బోర్డు తిరగేసి ఫిన్ బాక్స్ (ఫిన్ బిగించే గాడి) చుట్టూ వేలితో తడిమి చూడండి. సన్న పగులు తగిలితే నీళ్లు లోపలికి దిగాయేమోనని అనుమానించాలి, బోర్డు ఎత్తి చూస్తే బరువులోనే తెలిసిపోతుంది.