మళ్లీ మళ్లీ చదవడమా, పుస్తకం మూసి రాసి చూసుకోవడమా: ఏది మేలు?

పాఠం నిజంగా వచ్చిందా, వచ్చినట్టు అనిపిస్తోందా? కాలేజీలో కష్టపడి చదివే పిల్లలు కూడా చాలామంది దెబ్బతినేది ఈ తేడా తెలియకే. తన చదువు ఎలా సాగుతోందో తానే గమనించుకుని, దాన్నిబట్టి పద్ధతి మార్చుకోవడాన్ని మెటాకాగ్నిషన్ అంటారు. 1970లలో జాన్ ఫ్లావెల్ అనే మనస్తత్వవేత్త పెట్టిన పేరు ఇది. దీన్ని అలవాటు చేసే దారులు చాలానే ఉన్నా అన్నీ ఒకేలా పనిచేయవు.

ముందు విద్యార్థి వైపు నుంచి చూద్దాం. నోట్సు మళ్లీ మళ్లీ చదవడం ఒక పద్ధతి. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా కాగితం మీద పెట్టడం ఇంకో పద్ధతి. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఈ రెండింటినీ పోల్చి చూశారు. ఒక బృందం ఒకే వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత మాత్రం చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61. అంతకంటే ముఖ్యమైన విషయం, వారం తర్వాత తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగు విడతలూ చదివినవాళ్లే!

చూసిన పేజీనే మళ్లీ చూస్తే చదువు గబగబా సాగిపోతుంది. ఆ సాఫీతనాన్నే మనం జ్ఞానం అనుకుంటాం. మూసి రాసేటప్పుడు పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడే లోపం బయటపడుతుంది, సరిచేసుకునే సమయమూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ నా తీర్పులో ఊగిసలాట లేదు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి చదవాలి, ఆ తర్వాత మూసి రాయాలి.

ఇక అధ్యాపకుల సంగతి. ఏడాది మొదట్లో 'ఎలా చదవాలి' అని ఒక వర్క్‌షాప్ పెట్టడం తేలిక. కానీ సబ్జెక్టుతో ముడిపడని సలహా ఎక్కువకాలం నిలవదు. దానికంటే ఎగ్జామ్ రాపర్ మేలు. దిద్దిన పేపరుతో పాటు ఇచ్చే చిన్న ఫారం ఇది: ఎలా చదివావు, మార్కులు ఎక్కడ పోయాయి, విషయం తెలియకా, ప్రశ్న సరిగ్గా చదవకా, వచ్చేసారి ఏం మారుస్తావు? కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన మార్షా లవెట్ దీని గురించి వివరంగా రాశారు. ఆ ఫారాలను దాచిపెట్టి, తర్వాతి పరీక్షకు ముందు విద్యార్థి చేతికే తిరిగివ్వాలి. ఆ పని చేయకపోతే అదొక తంతుగా మిగులుతుంది. అయినా ఇది మార్కులు పోయాక వచ్చే మేలుకొలుపు.

అందుకే క్లాసు చివరి రెండు నిమిషాల్లో 'ఈ రోజు నీకు ఏది అస్సలు అర్థం కాలేదు?' అని అడిగి చీటీలు తీసుకోవడానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. 'డౌట్లు ఉన్నాయా?' అంటే నోరు విప్పనివాళ్లు కూడా చీటీ మీద రాస్తారు. రాయాలంటే తనకు తెలిసిందేదో, తెలియనిదేదో విడదీసుకోక తప్పదు. మరుసటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలో అధ్యాపకుడికీ తెలుస్తుంది. రాపర్‌తో కలిపి రెండూ చేయగలిగితే మరీ మంచిది. ఒక్కటే కుదిరితే చీటీలే.

ఒక ఇబ్బందికి మాత్రం సిద్ధంగా ఉండాలి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో జరిగిన అధ్యయనంలో, లెక్చర్ వినడానికి బదులు తామే సమస్యలతో కుస్తీపట్టిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. కాబట్టి పద్ధతి మార్చిన తొలి వారాల్లో 'సార్ సరిగ్గా చెప్పట్లేదు' అనే ఫిర్యాదు రావచ్చు. కష్టంగా ఎందుకు అనిపిస్తుందో మొదటి క్లాసులోనే, ఆ 40, 61 అంకెలు బోర్డు మీద వేసి మరీ చెప్పాలి.