తోమోక్ అంగడిలో కొన్న పుస్తహా

ఇండోనేషియాలోని సుమత్రాలో ఉన్న మెదాన్ నగరం నుంచి పారాపత్‌కు, అక్కడి నుంచి లాంచీలో తోబా సరస్సు నడుమనున్న సమోసిర్ దీవికి ప్రయాణం హాయిగా సాగింది. దీవిలోని తుక్‌తుక్ అనే ఊళ్ళో రోజుకు 2,50,000 రుపియాలకు దొరికిన గది శుభ్రంగా ఉంది. మనసు కష్టపెట్టినది అదే దీవిలోని తోమోక్ ఊరి అంగడి ఒక్కటే.

ఆ ప్రాంతంలోని బతాక్ ప్రజలకు పూజారీ, వైద్యుడూ, ముహూర్తాలు పెట్టేవాడూ అయిన దాతు వాడిన వస్తువులను చూడాలనే అక్కయ్యా నేనూ బయలుదేరాము. అంగడిలో ఒక దుకాణదారుడు, చెట్టు పట్టను పొడవుగా సాపు చేసి, మడతలు పెట్టి, చెక్క అట్టల మధ్య అమర్చిన గ్రంథాన్ని చూపి, అది తన తాతగారు మంత్రవైద్యానికి వాడిన పుస్తహా అని సత్యప్రమాణంగా చెప్పాడు. 15 లక్షల రుపియాలు అడిగి 9 లక్షలకు ఇచ్చాడు. అక్కయ్య వద్దంటూనే ఉంది, నేను వినలేదు.

మూడు రోజుల తరువాత మెదాన్‌లోని ఉత్తర సుమత్రా మ్యూజియంలో, బతాక్ లిపి తెలిసిన ఒక పెద్దాయన నా గ్రంథాన్ని విప్పి, ప్రతి మడతలోనూ ఒకే వరుస అక్షరాలు అర్థం లేకుండా మళ్ళీ మళ్ళీ రాసి ఉన్నాయని చూపించారు. పాతదనం కోసం పూసిన మసి ఆయన వేలికి అంటుకుంది. భోజనం వేళ దాకా అక్కయ్య నాతో మాట్లాడలేదు.

కొత్త వస్తువు కొనడం తప్పు కాదు. సిమానిందో దారిలో ఒక పనివాడు, దాతులు మందులు దాచుకునే నాగ మొర్సారాంగ్ అనే గేదె కొమ్మును, సింగ అనే కల్పిత జంతువు ముఖం చెక్కిన మూతతో సహా, "పోయిన నెల నేనే చేశాను" అని చెప్పి 3,50,000కు ఇచ్చాడు. అబద్ధం చెప్పి అమ్మడమే నేరం. కనుక ముందు మ్యూజియం చూడండి, తరువాతే దీవికి వెళ్ళండి. పుస్తహా అమ్మేవాడిని ఒక్క వరుసైనా చదివి వినిపించమనండి.

ఆ మ్యూజియంలోనే తుంగ్గల్ పనలువాన్ అనే మంత్రదండం ముందు, ఒకరి మీద ఒకరుగా చెక్కిన మనుషుల ముఖాలను చూస్తూ చాలాసేపు నిలబడ్డాము. అక్కయ్య కోపం మాత్రం వెదురు మీద గీసిన పొర్హలాన్ పంచాంగం దగ్గర కరిగింది. 12 నెలలకు ఒక్కొక్కదానికి 30 గడులు చొప్పున ఉన్న ఆ గీతలను చూపుతూ, పెద్దాయన వారాల పేర్లు చెప్పారు: ఆర్తియా, సుమా, అంగ్గారా, ముదా, బొరస్పతి, సింగ్కోరా, సమిసారా. ఆయన ఒక్కొక్క పేరు పలుకుతూంటే అక్కయ్య వేళ్ళు ముడుస్తూ, ఆదిత్య, సోమ, అంగారక, బుధ, బృహస్పతి, శుక్ర, శనైశ్చర అంటూ వెంట చెప్పింది.