జాగ్రత్త: "ఒరిజినల్ వెబర్" పేరుతో నకిలీ కార్బొరేటర్లు అంటగడుతున్నారు, నేను రెండు నెలలు ట్యూనింగ్ లోపం అనుకుని తిరిగా

అందరికీ నమస్తే. పాత జిప్సీలు, ఎస్టీములు, 800లు పెట్టుకుని ఆటోక్రాస్‌లకీ డర్ట్ ఈవెంట్లకీ తిరిగేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. వెబర్ అంటే పేరున్న కార్బొరేటర్ కంపెనీ, కార్బొరేటర్ అంటే పెట్రోలూ గాలీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం. కొంచెం పెద్ద పోస్టే, కానీ నాకు డబ్బులు, రెండు నెలల ఆదివారాలు పోయాయి, మీకు పది నిమిషాలు పోతే పర్లేదు.

నా బండి 98 మోడల్ జిప్సీ కింగ్. ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి) రాకముందు 1298 సీసీ కార్బొరేటర్ ఇంజన్, షోరూంలోంచి బయటికొచ్చిన రోజునే 60 బీహెచ్‌పీ, 2000లో ఎంపీఎఫ్ఐ వచ్చాక అది 80 అయింది, మనలాంటి కార్బొరేటర్ బ్యాచ్ అంతా ఆ 20 కోసమే ఏళ్ళ తరబడి డబ్బులు తగలేస్తున్నాం. ఇదే కుటుంబం ఇంజన్ ఉన్న సుజుకి సమురాయ్‌కి అమెరికాలో వాళ్ళు ఎప్పట్నుంచో వెబర్ 32/36 వేసుకుంటున్నారు, అంటే 32 మిల్లీమీటర్ల బ్యారెల్ (గాలి వెళ్ళే గొట్టం) ముందు తెరుచుకుంటుంది, యాక్సిలరేటర్ ఇంకా తొక్కితే 36 బ్యారెల్ కలుస్తుంది. మట్టి ట్రాక్‌లో మలుపు లోంచి బయటికి వచ్చేటప్పుడు ఆ పికప్ బాగుంటుందని నేనూ పడిపోయా. (నిజం చెప్పాలంటే ఒరిజినల్ వేసినా ఒక్క కార్బొరేటర్‌తో వచ్చే పవర్ కొంచెమే, కానీ ఆ వయసు అలాంటిది, నాకు 41.)

ఇన్‌స్టాలో పర్ఫార్మెన్స్ పార్ట్స్ అమ్మే ఒకాయన దగ్గర తీసుకున్నా, పేరు చెప్పను. బాక్స్ మీద హోలోగ్రామ్, లోపల ఫోమ్, అడాప్టర్ ప్లేటు, ఒక ఎలక్ట్రిక్ పంపు, మొత్తం కాంబో 16,500. డబ్బులు యూపీఐలో నేరుగా పంపా, ఇది మొదటి తప్పు. పదిరోజుల రిటర్న్ ఉందన్నాడు.

బిగించిన రోజే స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) దిగలేదు. నిమిషానికి 1400 చుట్ల దగ్గర కూర్చుంది, అంతకంటే తగ్గిద్దామంటే ఆగిపోతుంది. మిక్చర్ స్క్రూ (స్లోలో పెట్రోలు ఎంత రావాలో సెట్ చేసేది) మామూలుగా పూర్తిగా బిగించి అక్కణ్ణుంచి రెండు చుట్లు అటూఇటూ విప్పితే ఇంజన్ నున్నగా తిరగాలి, లోపలికి బిగిస్తూ పోతే ఆగిపోవాలి. నాది పూర్తిగా బిగించేసినా నవ్వుకుంటూ తిరుగుతూనే ఉంది! అంటే పెట్రోలు ఆ స్క్రూ దారిలో కాకుండా ఇంకెక్కణ్ణుంచో వస్తోంది అని అర్థం, ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలీలేదు. సెల్లర్‌కి వీడియో పంపితే "ట్యూనింగ్ కరాలో భాయ్, వెబర్ హై, టైమ్ లేతా హై" అన్నాడు. సరే అనుకున్నా. తర్వాత జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం ఉన్న ముక్కలు) మార్చాలన్నాడు, ఆ జెట్ల కిట్ కూడా ఆయన దగ్గరే 2,800. కిట్ రావడానికి ఎనిమిది రోజులు. ఈలోపు రిటర్న్ గడువు అయిపోయింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, అందుకే ఈ పోస్టు. అద్దం పగిలి వస్తే పగిలింది అని చూపిస్తాం, గొడవ లేదు. కార్బొరేటర్ అలా కాదు, అది పాడుగా వచ్చిందా, మనకి సెట్ చేయడం రాలేదా అన్నది బయటికి కనపడదు, పైగా ఎవరిని అడిగినా జెట్టింగే అంటారు. నా ఫ్రెండ్స్ కూడా అదే అన్నారు, వాళ్ళ తప్పు కాదు, నేనైనా అదే అనేవాణ్ణి. అమ్మేవాడికి ఆ ఒక్క మాట చాలు, గడువు దాటించేస్తాడు.

సరే, నేను చేసినవి వినండి. ప్లగ్గులు మార్చా, హెచ్‌టీ వైర్లు మార్చా, టైమింగ్ మళ్ళీ చూపించా, కంప్రెషన్ చూపించా, అన్నీ బాగానే ఉన్నాయి. ప్లగ్గులు తీస్తే మెల్లగా తోలినప్పుడు మసిలా నల్లగా (అంటే పెట్రోలు ఎక్కువ), గట్టిగా తొక్కి ఆపి చూస్తే తెల్లగా (అంటే పెట్రోలు తక్కువ). ఒకే ఇంజన్ ఒకే రోజు రెండు రంగులు! రెండో బ్యారెల్ తెరుచుకునే చోట బండి ఒక్క క్షణం ఎవరో వెనక్కి లాగినట్టు ఆగి తర్వాత పోయేది. జెట్ పెద్దది వేస్తే తెలుపు తగ్గాలి కదా, నేను 140 తీసి 145 వేస్తే ఇంకా తెల్లబడింది, 135 వేస్తే నల్లగా అయింది. మూడు ఆదివారాలు నాకు లెక్కలు రావేమో అని నన్ను నేనే అనుమానించుకున్నా.

పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిశ్రమం పలచబడుతుంది, నెట్‌లో దొరికే పాత వెబర్ చార్టులు ఇథనాల్ లేని పెట్రోల్ రోజులవి, వాటి మీద ఒకటి రెండు సైజులు పెంచాల్సి రావచ్చు. ఇది నిజమే, కానీ ఈ నిజం వల్లే నేను ఇంకో రెండు వారాలు మోసపోయా, ప్రతిదీ ఈ20 మీదకి తోసేశా.

తర్వాత ఈవెంట్‌కి వెళ్ళా, స్క్రూటినీలోనే (పోటీకి ముందు బండి చెకింగ్) ఆపేశారు. బానెట్ తీయగానే పెట్రోల్ వాసన, కార్బొరేటర్ మీద తడి. వాళ్ళు ఆపడం మంచిదైంది, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారుతుంటే నేను హెల్మెట్ పెట్టుకుని లైన్లో నిలబడి ఉన్నా. ఎంట్రీ ఫీజు పోతే పోయింది.

అప్పుడు బుద్ధొచ్చి విజయవాడ ఆటోనగర్‌లో మా పాత మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ఏమీ విప్పలేదు, "పాత కార్బొరేటర్ ఉందా బాబూ, అమ్మేశావా" అన్నారు. అటక మీద ఉంది. తెచ్చి బిగించారు, గంట పని, పాతదానితో ఇంజన్ 900 దగ్గర పిల్లిలా కూర్చుంది. "ఇంజన్‌కి రోగం లేదు, నువ్వు కొన్నదానికి ఉంది" అన్నారు. రెండు నెలల్లో ఈ ఒక్క పని నాకు తట్టలేదు. దయచేసి అప్‌గ్రేడ్ చేసిన వెంటనే పాతది అమ్మేయకండి, నాకూ 3,000కి బేరం వచ్చింది, బద్ధకం వల్ల అమ్మలేదు, ఆ బద్ధకమే కాపాడింది.

కొత్తదాన్ని బల్ల మీద పెట్టి విప్పితే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. థ్రాటిల్ షాఫ్ట్ (గాలి తెరిచే ప్లేట్లు తిరిగే కడ్డీ) పట్టుకుని పైకీ కిందకీ ఊపితే చేతికి తెలిసేంత ఆడుతోంది, కొత్త దానికి అలా ఆడకూడదు, ఆ సందులోంచి గాలి లాగేస్తుంది. రెండో బ్యారెల్ ప్లేటు పూర్తిగా మూసుకోవట్లేదు, లైటుకి ఎదురుగా పెడితే నెలవంకలా వెలుగు కనపడింది. స్లో 1400 కంటే దిగకపోవడానికీ, మిక్చర్ స్క్రూకి లొంగకపోవడానికీ కారణం ఇదే. కింద ఫ్లాంజ్ (ఇంజన్‌ వైపు ఆనే అంచు) మీద స్టీల్ స్కేలు నిలబెడితే మధ్యలో ఖాళీ, ఎన్ని ప్యాకింగులు మార్చినా గాలి అక్కణ్ణుంచీ లాగుతుంది. యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ అప్పుడే అప్పడంలా వంకర తిరిగింది, ఈ20కి ఆగే రబ్బరు కాదనుకుంటా.

ఇక జెట్లు. వెబర్ జెట్ మీద నంబర్ అంటే రంధ్రం సైజు మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో, 140 అంటే 1.40 మిల్లీమీటర్లు. పక్కన లేత్ షాపులో పిన్ గేజులు (కచ్చితమైన కొలతల సన్న కడ్డీలు) అడిగి తెచ్చి చూశాం. మొదటి బ్యారెల్‌లో 140 అని ఉన్న జెట్‌లోకి 1.50 పిన్ దూరింది. రెండో బ్యారెల్‌లో అదే 140 అని ఉన్నదాంట్లోకి 1.35 కూడా దూరలేదు. ఒకటి తాగుబోతు, ఒకటి ఉపవాసం, రెండు రంగుల ప్లగ్గుల కథ అదీ. 2,800 కిట్‌లో 135 అని ఉన్న జెట్ 145 అని ఉన్నదానికంటే పెద్దగా ఉంది! నాకు లెక్కలు వచ్చు అని ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పా, ఆమె పట్టించుకోలేదు.

పంపు సంగతి వేరే. డబ్బా మీద 2 నుంచి 4 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) అని ఉంది, గేజ్ పెడితే 6 దాటింది. ఈ కార్బొరేటర్‌కి 3 దగ్గర ఉండాలి, మూడున్నర దాటితే నీడిల్ (పెట్రోలు ఆపే వాల్వు) ఆపలేదు, పెట్రోలు పొంగి కారుతుంది. రెగ్యులేటర్ తిప్పి దాని మీద అంకె చూసి నమ్మకండి, గేజ్ పెట్టే చూడండి. ఇది పికప్ గొడవ కాదు, బండి కాలిపోయే గొడవ.

కాబట్టి ఎవరైనా కొంటుంటే, పార్సిల్ విప్పేటప్పుడే ఆపకుండా వీడియో తీయండి, అదే వీడియోలో షాఫ్ట్ ఊపి చూపించండి, లైటుకి పెట్టి ప్లేట్లు చూపించండి, స్కేలు పెట్టండి. జెట్లు లేత్ షాపులో కొలిపించండి, ఆటోనగర్‌లో అయితే టీ ఖర్చుతో అయిపోతుంది. ఇదంతా బండికి బిగించకముందే, ఎందుకంటే ఒక్కసారి పెట్రోలు తగిలిందంటే "యూజ్డ్ పార్ట్" అంటాడు. ట్యూనింగ్ అని ఎవరైనా అంటే ముందు పాతది పెట్టి చూడండి.

నేను 1915కి, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టా. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం లోపం ఉన్నదీ నకిలీదీ వెనక్కి తీసుకోను అనడానికి సెల్లర్‌కి వీల్లేదు, ఆ ముక్క మెసేజ్‌లో పెట్టేసరికి అప్పటిదాకా హిందీలో భాయ్ భాయ్ అన్నవాడు ఇంగ్లిష్‌లోకి మారి సార్ అన్నాడు. కార్బొరేటర్ వెనక్కి పంపమన్నాడు, పంపా, 9,000 వేశాడు, మిగతాది "ప్రాసెస్‌లో ఉంది" అట, మూడు వారాలైంది. జెట్ల కిట్ గురించి మాట్లాడడు.

నా భయం ఏంటంటే అదే పీస్‌ని తుడిచి ఫోమ్‌లో పెట్టి ఇంకొకరికి పంపుతాడు. పంపే ముందు మేస్త్రి గారు టాప్ కవర్ విప్పి లోపలి వైపు, విప్పితే తప్ప కనపడని చోట, సూదితో "దొం" అని చిన్నగా గీశారు, దొంగ అని పూర్తిగా రాయడానికి చోటు లేక. ఎవరికైనా కొత్త వెబర్ అని వచ్చినదాంట్లో అది కనపడితే అది నాదే, బిగించకండి, ఫోటో తీసి నాకు పెట్టండి.