పాత థార్‌కి ఇనప బంపర్లు: ముందుది ఉంచుకున్నా, యెనకది పీకేసినా

తిరపతిలో బంపర్ యాడ చేయించినావన్నా, ఎంతయింది, బాగుండాదా అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయినారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఒకేసారి రాసేస్తా ఉండా. అంగడి పేరు మాత్రం రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తాది.

నా బండి 2016 థార్, మహీంద్రా జీపు, పాత మోడల్, సీఆర్‌డీఈ ఇంజను, అంటే కంప్యూటర్‌తో నడిచే డీజిల్ ఇంజను. 2020లో వచ్చిన కొత్త థార్ కాదు, ఈ తేడా ముఖ్యం, మళ్ళీ వస్తా దాని దగ్గరికి. 2015లో మహీంద్రా వాళ్ళు దీని మొహం మార్చినప్పుడు ముందర ప్లాస్టిక్ బంపర్ పెట్టినారు. టౌన్లో తిరిగేకి దానికేం తక్కువ లేదు, నా ఖర్మకి మా మామిడి తోట దామలచెరువు పక్కన ఉండాది, తోటలోకి పోవాలంటే ఒక వంక దిగి ఎక్కాల, ఆ వంక గట్టున ఒక రాయి ఉండాది, ఆ రాయికి నా బంపర్ మీద ఏం పగో తెలీదు గానీ రెండుసార్లు పగలగొట్టింది. రెండోసారి సగం ముక్క వంకలోనే పడిపోతే మిగిలినదాన్ని కంబితో కట్టుకుని పాకాల మీదుగా ఇంటికొచ్చినా. మా ఆవిడ చూసి "పన్నునొప్పికి తువ్వాలు కట్టుకున్నోడి మాదిరి ఉండాది నీ బండి" అనింది. ఆ రోజే అనుకున్నా, ఇంక ప్లాస్టిక్ వద్దు.

మూడు షాపులు తిరిగినా. మొదటి అంగట్లో కుర్రోడు బండి ముందర నిలబడి ఫోన్లో ఫోటోలు చూపించినాడు, ఏది కావాలో చెప్పన్నా దించేస్తా అన్నాడు, బాగానే ఉండాయి ఫోటోలు. లాగేకి కొక్కెం ఎట్ల పెడతావు అని అడిగితే "షీటు మీదే వెల్డింగ్ పెట్టేస్తానన్నా, ఏనుగు లాగినా రాదు" అన్నాడు. అక్కడే దండం పెట్టి వచ్చేసినా. ఎందుకంటే ఇరుక్కున్న బండిని తాడేసి లాగేటప్పుడు పడే బలం మామూలుగా ఉండదు, షీటుకి అతికించిన కొక్కెం ఊడిందంటే తుపాకీ గుండు మాదిరి వచ్చి తగలతాది, లాగేవాడి తలకాయ అద్దం యెనకే ఉంటాది కదా. రెండో చోట రెడీమేడ్‌ది, అదే రోజు బిగించి పంపిస్తామన్నారు, కానీ బానెట్‌కీ బంపర్‌కీ మధ్యన చెయ్యి దూరేంత సందు, నాకు నచ్చలేదు.

మూడో చోట మేస్త్రీ ఉండాడు, అరవై దగ్గర్లో ఉంటాడు, అద్దాలకి దారం కట్టుకోనుంటాడు. ఆయన బండి మొహం చూడనే లేదు, గోతాం పట్ట పరుచుకుని నేరుగా కిందకి దూరినాడు. పది నిమిషాలు లోపలే ఉన్నాడు, నేను టీ తాగి వచ్చినా ఇంకా కాళ్ళే కనబడతా ఉండాయి. బయటికొచ్చి "చాసీ కొమ్ములు, అదే బండి కింద ఫ్రేము ముందర కొసలు, బాగుండాయి సామీ, కంపెనీ రంధ్రాలే వాడుకుందాం, కొత్తగా తూట్లు పొడిచే పని లేదు, చాసీకి వెల్డింగ్ అయితే నేను పెట్టను, ఇంకోడి దగ్గరికి పోయినా పెట్టనీవద్దు" అన్నాడు. నాకు ఆ మాటకే సగం ధైర్యం వచ్చేసింది.

నేను పెద్ద తెలిసినోడి మాదిరి 5 ఎంఎం షీటు వెయ్యి మేస్త్రీ అన్నా. ఆయన నవ్వి "పలమనేరు అడివిలో ఏనుగుని గుద్దేకి పోతావా ఏంది" అన్నాడు. తర్వాత గోడ మీద సుద్దతో లెక్క రాసి చూపించినాడు, 3 ఎంఎం షీటు ఒక చదరపు మీటరు 23న్నర కిలోలు, 5 అయితే 39 దాటతాది, బంపర్‌కి మీటరు పైనే పడతాది, మళ్ళీ బ్రాకెట్లు, గొట్టాలు, బోల్టులు. షీటు మందం కంటే మడత ముఖ్యమంట. బెండింగ్ మిషన్లో సరిగ్గా మడిచిన 3 ఎంఎం, అట్నే ఉండే 5 ఎంఎం పలక కంటే గట్టిగా నిలుస్తాదంట. చివరికి పైన కనబడే షీటు 3, చాసీకి పట్టే బ్రాకెట్లు 8, ఇరుక్కుంటే కొక్కెం తగిలించి బండిని లాగే పలక 12 ఎంఎం అని తేలింది. బండిని లాగే ఆ పలకకీ బంపర్‌కీ సంబంధమే లేదు, బంపర్లో చీలిక గుండా బయటికి కనిపిస్తాది గానీ దాని యెనక భాగం నేరుగా చాసీకే గట్టి రకం 8.8 గ్రేడు బోల్టులతో బిగించినాడు. రేపు బంపర్ మొత్తం ఊడిపోయినా కొక్కెం బండికే ఉంటాది. డబ్బులు వృథా కాలేదనిపించింది దీని ఒక్కదానికే.

రేటు ముందుది 21 వేలు, యెనకది 14 వేలు, పౌడర్ కోటింగ్ అందులోనే. అడ్వాన్సు పదివేలు ఇచ్చినా. ఐదు రోజుల్లో ఇస్తానన్నాడు.

ఐదు రోజులు అంటే మేస్త్రీ లెక్కలో ఇరవై ఆరు. మొదటి నాలుగు రోజులు అసలు ఇనుము రాలేదు, మామిడికాయల అట్టపెట్టెలు కోసి బండి ముందర నమూనా అతికించుకుంటా కూర్చున్నాడు, అది చూసేకి ముచ్చటగా ఉండాది నిజం చెప్పాలంటే, ప్రతి మడతా ముందు అట్టలో వేసి, బానెట్ తెరిచి మూసి, చక్రం ఈ పక్కకి ఆ పక్కకి పూర్తిగా తిప్పించి యాడా తగలకుండా చూసుకున్నాకే షీటు కోసినాడు. సరే అనుకున్నా. అంతలో బెండింగ్ మిషన్ ఆయన పెండ్లికి పోయినాడు. ఆయన వచ్చేసరికి గంగ జాతర. జాతరలో తిరపతిలో పని జరిగిందంటే నేను నమ్మను. జాతరలో ఒళ్ళంతా బొగ్గు పూసుకునే తోటి వేషం రోజు నేను గట్టిగా అడుగుదామని పోతే అంగట్లో పనిచేసే పిల్లోడు ఒళ్ళంతా బొగ్గు పూసుకుని ఎదురొచ్చినాడు, వేషమా గ్రైండింగ్ మసా తెలీలేదు నాకు, కోపం పోయి నవ్వొచ్చేసింది. కానీ ఫోన్ తీయకపోవడం మాత్రం తప్పే మేస్త్రీ, లేటవుతుందని ముందే చెప్పుంటే నేను తోటకి వేరే బండి మాట్లాడుకునేవాణ్ణి కదా. కాయ కోతకి వచ్చే టైంలో బండి లేకుండా నేను పడిన పాట్లు నాకే తెలుసు.

బిగించే రోజు పక్కనే ఉన్నా, మీరు కూడా ఉండండి. ఆ పిల్లోడు బంపర్‌ని బండి మీదే పెట్టి టాక్ వెల్డింగ్, అంటే అక్కడక్కడా చుక్కలుగా అతుకు, వేసేకి రెడీ అయిపోయినాడు, మేస్త్రీ లోపల్నించి అరిచినాడు చూడు, వీధి మొత్తం తిరిగి చూసింది. బండి మీద వెల్డింగ్ పెట్టాలంటే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాల, లేకపోతే ఈసీఎం, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్, పోయే ప్రమాదం ఉండాది. పాత జీపులకి ఈ బాధ లేదు, సీఆర్‌డీఈ అంటే అందులో కంప్యూటర్ ఉండాది మరి. మేస్త్రీ ఆ పూట టీ తాగేకి పోయుంటే నా పరిస్థితేంది అని ఇప్పటికీ అనుకుంటా ఉంటా.

బిగించకముందు పాత ఇనుము అంగడిలో కాటా వేయించినా, ముందుది గొట్టాలతో కలిపి 47 కిలోలు. ప్లాస్టిక్‌ది నేను ఒక చేత్తో ఎత్తేవాణ్ణి. దాని ఎఫెక్టు వారంలోనే తెలిసింది, ముందర బండి కిందకి కుంగింది, హెడ్‌లైట్లు రోడ్డుని చాలా దగ్గర్లో కొడతా ఉండాయి, స్పీడ్ బ్రేకర్ మీద ముక్కు కిందకి పొడిచినట్టు అనిపించేది. పాత థార్ సీఆర్‌డీఈకి ముందర స్ప్రింగు బదులు మెలిపడే ఇనప కడ్డీ ఉండే టార్షన్ బార్ సస్పెన్షన్ కాబట్టి బోల్టు బిగిస్తే ఎత్తు లేస్తాది, అట్ల లేపించుకుని, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించుకున్నా. అలైన్‌మెంట్ మానేస్తే ముందర టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి, మర్చిపోవద్దు. ఈ సంగతి మేస్త్రీ ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అడిగితే "బరువు పెడితే కుంగదా సామీ" అన్నాడు, అదీ నిజమే ఏం చెప్తాం.

అసలు పరీక్ష నవంబర్ వానల్లో జరిగింది. వంకలో నీళ్ళు తగ్గినాయి కదా అని దిగితే కింద అంతా బురద, బండి బొడ్డు దాకా కూర్చుంది. పక్క తోట రెడ్డన్న ట్రాక్టర్ తెచ్చినాడు. గొలుసు తెస్తే వద్దన్నా, బెల్టు వేసి డీ షాకిల్‌తో, అంటే బోల్టు పెట్టి మూసే ఇనప కొక్కెంతో, ఆ 12 ఎంఎం పలకకి తగిలించినాం. రెండుసార్లు ట్రాక్టర్ ముందర చక్రాలు గాల్లోకి లేచినాయి, మూడోసారికి మా బండి పెద్ద శబ్దంతో బయటికొచ్చింది. వెంటనే కిందకి వంగి టార్చి వేసి చూసినా, వెల్డింగ్ దగ్గర సన్న చీలిక కూడా లేదు, బోల్టులు కదల్లేదు, పెయింటు గీత పడింది అంతే. రెడ్డన్న చుట్టూ తిరిగి చూసి "ఎవురబ్బా చేసినోడు, నా ట్రాక్టర్‌కి కూడా ఒకటి చేయించాల" అన్నాడు. ఆ రాయి కూడా ఒకసారి తగిలింది, ఈసారి రాయే కొంచెం చిట్లింది, నాకు చానా తృప్తి.

ఇంక తిట్టాల్సింది. ఆ వానలకే బంపర్ కింద మడతల్లోంచి తుప్పు నీళ్ళు కారి తెల్ల పెయింట్ మీద కాఫీ మరకల మాదిరి చారలు. ఊడదీసి చూస్తే పైకి కనబడే చోట పౌడర్ కోటింగ్ మందంగా ఉండాది, లోపల మడతల్లోకి పొడి పోనేలేదు, కింద ప్రైమర్ కూడా లేదు. నీళ్ళు పోయేకి ఒక్క రంధ్రం పెట్టలేదు. అంత బాగా చేసిన మనిషి ఇక్కడ ఎట్ల మర్చిపోయినాడో. కోటింగ్ బయట ఇంకోడికి ఇచ్చినా డబ్బులు తీసుకున్నది ఈయన కదా. మళ్ళీ తీసుకుపోతే మాట్లాడకుండా గీకి, జింక్ ప్రైమర్ కొట్టి, కింద నాలుగు చోట్ల 10 ఎంఎం రంధ్రాలు వేసిచ్చినాడు, పైసా తీసుకోలేదు. మీరు చేయించుకుంటే కోటింగ్‌కి పంపకముందే లోపల ప్రైమర్, కింద రంధ్రాలు మీరే నిలబడి అడిగి వేయించుకోండి.

ముందర బంపర్ మీద మొదట్లో ఒక పెద్ద గొట్టం వంపు ఉండేది, చూసేకి దున్నపోతు మాదిరి ఉండాదని నేనే పెట్టించుకున్నా. ఇప్పుడు కోయించేసినా. ఒకటి, 8 కిలోలు తగ్గింది. రెండు, అలిపిరి చెకింగ్ కాడ ప్రతిసారీ దాని చుట్టూ అద్దం పెట్టి చూసేవాళ్ళు, భాకరాపేట కాడ ఒకరోజు రాత్రి ఎర్రచందనం చెకింగ్‌లో గొట్టాన్ని కర్రతో కొట్టి శబ్దం విన్నారు, లోపల ఏమన్నా దాచినానేమోనని, వాళ్ళ డ్యూటీ వాళ్ళది. మూడోది అసలు సంగతి, బుల్ బార్లు, క్రాష్ గార్డులు తీయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5 వేలు జరిమానా. గొట్టం కోసినంత మాత్రాన నేను పూర్తిగా రూలు లోపల ఉన్నానని అనను, ఇనప బంపర్ కూడా మార్పే. మేస్త్రీ పేరు రాయకపోవడానికి కారణం ఇదే, ఆయన కడుపు మీద కొట్టడం నాకిష్టం లేదు. ఇంకోటి, నడిచిపోయే మనిషికి తగిలితే ప్లాస్టిక్ వేరు, ఇనుము వేరు. గొట్టం వంపు సరిగ్గా చిన్నపిల్లోడి తలకాయ ఎత్తులో ఉండాదని మా ఆవిడ ఒకరోజు చూపించినాక నాకు దాని మీద మోజు పోయింది.

కొత్త థార్, మారుతి జిమ్నీ ఉన్నోళ్ళు ఆగండి. వాటికి ఎయిర్‌బ్యాగులు ఉండాయి, ముందర భాగం ఎంత నలగాల, సెన్సర్‌కి దెబ్బ ఎట్ల తెలియాల అన్నీ కంపెనీ లెక్క వేసి పెట్టుంటారు, మధ్యలో మనం ఇనప గోడ కడితే ఆ లెక్క తప్పతాది, బ్యాగు లేటుగా తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు. మా తమ్ముడు కొత్త థార్ తీసుకుని నాతోనే మేస్త్రీ దగ్గరికి వచ్చినాడు. మేస్త్రీ స్టీరింగ్ మీద ఎయిర్‌బ్యాగ్ అక్షరాలు చూసి "దీనికి నేను పెట్టను నాయనా, కంపెనీ వాడు ఇచ్చిన కొక్కెం ఉండాది కదా, దాంతో సరిపెట్టుకో" అని పంపించేసినాడు. చేతికొచ్చే 21 వేలు వద్దన్నాడు. నా బండికి ఎయిర్‌బ్యాగులే లేవు కాబట్టి ఆ భయం లేదు, అది గొప్ప అని కాదు, లేవు అంతే.

యెనక బంపర్ గురించి ఎక్కువ రాసేకి ఏం లేదు. అనవసరం. వంక ఎక్కేటప్పుడు యెనక కింద తగిలి మట్టి దున్నేది, దానికి తోడు యాడో సైలెన్సర్ గొట్టానికి ఆనుకుని ఐడిలింగ్‌లో గడగడమని ఒకటే సౌండు. మూడుసార్లు సరిచేయించి విసుగొచ్చి పీకేసినా. 14 వేలు పెట్టి చేయించినది పాత ఇనుము అంగడిలో 31 కిలోలు తూగి వెయ్యికి చిల్లర వచ్చింది. అదే కాటా, అదే మనిషి, "మళ్ళీ వచ్చినావా అన్నా" అని నవ్వినాడు.

ఈ ఆదివారం మళ్ళీ పోతా ఉండా, బండి కింద సంప్‌కి, అంటే ఇంజను ఆయిల్ ఉండే గిన్నెకి, అడ్డంగా ఒక పలక చేయించేకి. ఈసారి లోపల ప్రైమర్ కొట్టాకే కోటింగ్‌కి పంపాలని ముందే చెప్పేసినా. మేస్త్రీ ఫోన్లో "రెండు రోజుల పని సామీ" అన్నాడు, నేను తోటకి పోయేకి పదిహేను రోజులకి పక్కింటాయన బొలెరో అడిగి పెట్టుకున్నా.