అండమాన్‌లో ఆఖరి రాత్రి ఎక్కడ పడుకోవాలి

అండమాన్ వెళ్ళేవాళ్ళెవరైనా సలహా అడిగితే నేను మొదట చెప్పే మాట ఒకటే. తిరుగు విమానం ఏ రోజైతే ఆ ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. ఏ బీచ్ బాగుంటుంది, ఏ హోటల్ బాగుంటుంది అన్నవి తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఒక్క ముక్క తెలియక మాకు 52,160 రూపాయలు వదిలాయి.

వెళ్ళింది నవంబర్ ఆఖరులో. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ మావాడు, మా అత్తయ్య. విమానం టికెట్లు కాకుండా ఐదు రాత్రుల ప్యాకేజీ 1,32,000. ఏజెంటు ఇచ్చిన కాగితంలో చివరి రోజు ఇలా ఉంది: పొద్దున 8.30కి నీల్ దీవి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఫెర్రీ, మధ్యాహ్నం 1.50కి చెన్నై విమానం. "మధ్యలో బోలెడు టైముందిగా" అన్నారు మా ఆయన. నేనూ తలూపాను. బంగాళాఖాతంలో నవంబర్ అంటే అల్పపీడనాల నెల అని, విశాఖలో పుట్టి పెరిగిన నాకే తట్టలేదు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ వెంటనే ఈశాన్యం. రెండూ అయ్యాక, జనవరి నుంచి ఏప్రిల్ లోపు వెళ్ళేవాళ్ళు తెలివైనవాళ్ళు.

పేర్ల సంగతి ముందే తెలుసుకుని వెళ్ళండి. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు. టికెట్ల మీద కొత్త పేర్లు, ఆటోవాళ్ళ నోట పాతవి. "స్వరాజ్ ద్వీప్ అంట, మన టికెట్ తప్పు కొట్టారేమో" అని అత్తయ్య జెట్టీలో కాసేపు హైరానా పడింది. ప్రైవేటు ఫెర్రీలు ఎక్కేది హాడో నుంచి, సర్కారు పడవలు ఫీనిక్స్ బే నుంచి. ఒకదానికి బదులు ఇంకోచోటికి వెళ్తే పడవ వెళ్ళిపోతుంది. అందరి ఆధార్ కార్డులూ చేతిలో ఉంచుకోండి. వాంతి మాత్ర పడవ కదిలాక వేసుకుంటే లాభం లేదు, అరగంట ముందే పడాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రోజులూ హాయిగా గడిచాయి. సెల్యులార్ జైల్లో ఏడు విభాగాలకి ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వరుస గదుల తలుపులు ఇంకో వరుస వీపుకి ఎదురుగా ఉంటాయి, ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదని. అక్కడ అత్తయ్య ఒక్క మాటా మాట్లాడలేదు, అది మా ఇంట్లో వింతే. బారాటాంగ్ దీవి వద్దనుకున్నాం. తెల్లవారుఝామున మూడున్నరకి పెద్దావిణ్ణి లేపడం ఒక కారణం. జారవా ఆదివాసుల అడవి మధ్యలోంచి కాన్వాయ్‌లో వెళ్తూ, ఫొటోలు తీయకూడదని తెలిసీ కిటికీలకి మొహాలు అతికించే జనంలో కలవబుద్ధి కాకపోవడం ఇంకోటి.

ఇక హేవ్‌లాక్ రిసార్టు. ప్యాకేజీ కాగితంలో "సీ వ్యూ గది" అని ఉంది. గదికీ సముద్రానికీ మధ్య రోడ్డు, రోడ్డుకి అవతల ఇంకో రిసార్టు ప్రహరీ. సముద్రం ఎక్కడండీ అని అడిగితే, రిసెప్షన్ కుర్రాడు వచ్చి బాత్రూమ్ వెంటిలేటర్ చూపించాడు. మా ఆయన బకెట్ బోర్లించి, దాని మీదెక్కి చూసి, "ఉందే, కనిపిస్తోంది, నీలంగా" అన్నారు. ఆ నీలం పక్క రిసార్టు వాటర్ ట్యాంకు మీది టార్పాలిన్ అని మర్నాడు తెలిసింది. గదికి రాత్రికి 6,500 లెక్కేశారట. అయినా తూర్పు వైపు, అంటే గోవింద్ నగర్, విజయ్ నగర్ బీచ్‌ల దగ్గర, ఎంత పెట్టినా పాటు సమయంలో నీళ్ళు దూరంగా జరిగిపోయి రాళ్ళు తేలతాయి. ఈతకి అక్కడ ఆశలు పెట్టుకోకండి.

ఈతకి రాధానగర్ ఉంది. నిజంగా గొప్ప బీచ్. మమ్మల్ని మాత్రం డ్రైవర్ సాయంత్రం నాలుగుంబావుకి దింపాడు. నవంబర్‌లో అక్కడ ఐదు లోపే పొద్దు గుంకుతుంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకన్నా చాలా ముందు. మావాడు నీళ్ళలో దిగి ఇరవై నిమిషాలైందో లేదో లైఫ్‌గార్డు ఈల వేశాడు. వాడి ఏడుపు రిసార్టు దాకా ఆగలేదు. కాబట్టి ఏం చూడాలన్నా పొద్దున్నే బయల్దేరండి, ఐదున్నరకే తెల్లగా తెల్లారిపోతుంది.

నీల్‌లో ఒక పగలు బాగానే గడిచింది. రాత్రి గాలి మొదలైంది. పొద్దున జెట్టీకి వెళ్తే ఫెర్రీ రద్దు. ఏజెంటుకి ఫోన్ చేద్దామంటే నా ఫోన్‌లో ఒక్క గీత కూడా లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020లో నెట్ ఇచ్చారని విన్నాను, పోర్ట్ బ్లెయిర్‌లో బాగానే వచ్చింది కూడా. ఆ జెట్టీలో మాత్రం లేదు. ఒక చాయ్ కొట్టు ఆయన తన ఫోన్ ఇస్తే విమానం వాళ్ళకి చేశాం. లైను కలిసేసరికి టికెట్లు మార్చుకునే గడువు దాటిపోయింది. కొత్త టికెట్లు ఒక్కోటి 11,640, నలుగురికి 46,560. నీల్‌లో ఇంకో రాత్రి 3,200, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి 2,400.

నాకు మండింది దీనికి కాదు. గాలివానకి ఎవరేం చేస్తారు? ఫెర్రీ డబ్బులు 5,800 ఏవని అడిగితే ఏజెంటు "ప్యాకేజీలో రిఫండ్ ఉండదు మేడం" అన్నాడు. నేను వెళ్ళి ఫెర్రీ కౌంటర్లో అడిగాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. మొత్తం డబ్బు, బుక్ చేసిన ఏజెంటు ఖాతాకి, అదే రోజు వెనక్కి వేసేశారు. ఫెర్రీలు, విమానాలు మీ పేరు మీద మీరే తీసుకోండి. ఏజెంటుకి కారూ గదీ అప్పచెప్పండి, చాలు.

మర్నాడు సర్కారు పడవలో పోర్ట్ బ్లెయిర్ చేరాం, తడిసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ఆటో అబ్బాయి మా తెలుగు విని జంగ్లీఘాట్‌లో ఒక మెస్ దగ్గర ఆపాడు. రేకుల పందిరి, నాలుగు బల్లలు. శ్రీకాకుళం వైపు మాట. "ఏటమ్మా, పడవ ఆగిపోనాదా? కూకోండి, అన్నం ఎట్టేత్తాను" అంది మెస్ నడిపే ఆవిడ. ఆవిడ పుట్టింది ఇక్కడే, తాత మాత్రం చేపల వేటకి వచ్చినవాడట. కోనాం చేప పులుసు, చింతపండు బిగువుగా పట్టి, పైన మెంతిపొడి వాసన. ఐదు రోజులు బఫేలో పనీర్ చూసి చూసి విసిగిన అత్తయ్య మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. మా ఆయనతో నేను మళ్ళీ మాట్లాడింది కూడా ఆ బల్ల దగ్గరే. నలుగురికీ కలిపి 720.

విమానాశ్రయంలో స్కానర్ దగ్గర అత్తయ్య సంచి ఆపారు. తులసికోట దగ్గర పెడదామని నీల్ ఒడ్డున ఏరుకున్న చచ్చిన పగడం ముక్క. అది కూడా తీసుకెళ్ళకూడదు, తీసి డబ్బాలో పడేశారు. జంగ్లీఘాట్ ఆవిడ కట్టిచ్చిన ఎండుచేపల పొట్లాన్ని మాత్రం వాసన చూసి వదిలేశారు. చెన్నై దాకా మా వరుసలో ఎవరూ భోజనం ట్రే తెరవలేదు.