నిమ్మతోటలో దాచిన డబ్బా, చేతిలో ఈట్రెక్స్ 22ఎక్స్: జియోకాషింగ్‌కు ఒక జీపీఎస్ పరికరం సమీక్ష

నెల్లూరు ప్రాంతంలోని రాపూరు దాటి వెలిగొండల వైపు వెళ్లేకొద్దీ సెల్‌ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. మా బావగారి నిమ్మతోట అక్కడే ఉంది. గార్మిన్ కంపెనీ చేసిన ఈట్రెక్స్ 22ఎక్స్ అనే చేతి జీపీఎస్ పరికరాన్ని కొన్న తరువాత, దానిలోని జియోకాషింగ్ సదుపాయాలను సరిగా పరీక్షించడానికి ఆ తోటకు మించిన చోటు లేదనిపించింది. బావగారు ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు పెట్టి ముందుగానే దాచిపెట్టారు. ఎక్కడ దాచారో నాకు గాని, మా మేనల్లుడికి గాని చెప్పలేదు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను మాత్రం తమ ఫోనులో చూసి ఒక కాగితం మీద రాసిచ్చారు.

ఈ ఆట గురించి వినని పాఠకుల కోసం నాలుగు మాటలు చెబుతాను. ఒకరు డబ్బాను దాచి, ఆ చోటి అంకెలను వెబ్‌సైటులో ఉంచుతారు. మరొకరు ఆ అంకెలను పట్టుకుని వెళ్లి వెతికి, లోపలి పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి వస్తారు. పౌరులు వాడుకునే జీపీఎస్ సంకేతాలలో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన తప్పును 2000 మే నెల మొదటి రోజుల్లో ఆపివేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా ఉండే తేడా ఒక్కసారిగా తగ్గిపోవడంతో, ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన వెంటనే ఒక బకెట్టును దాచి దాని అంకెలను నలుగురికీ తెలియజేశాడు. ఆట అలా మొదలైంది.

పరికరం అరచేతిలో ఇమిడిపోతుంది. బ్యాటరీలతో కలిపి 142 గ్రాముల బరువు, 2.2 అంగుళాల రంగుల తెర, 8 జీబీ మెమరీ, అది చాలకపోతే మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉన్నాయి. రెండు పెన్సిల్ సెల్లతో 25 గంటలు పనిచేస్తుందని కంపెనీ చెబుతుంది. సెల్లు అయిపోతే ఉదయగిరి బజారులో గాని, మైపాడు తీరంలో బడ్డీకొట్టులో గాని మరో జత కొనుక్కుని పని సాగించవచ్చు గనుక, మన ప్రాంతంలో తిరిగేవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఛార్జింగ్ సెల్లు వాడేవారు సెట్టింగులలో సెల్లు ఏ రకమో మార్చుకోవాలి. లేకపోతే తెర మీద కనిపించే బ్యాటరీ గుర్తును నమ్మలేము. తెర విషయంలో నాకు నిజంగా సంతోషం కలిగింది. రోహిణీకార్తె ఎండలో ఫోను తెరకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప ఏమీ కనిపించదు. ఈ తెర మాత్రం ఎండ వెలుగునే వాడుకుంటుంది గనుక లోపలి లైటు ఆపివేసినా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. పరికరం మెనూలో జియోకాషింగ్‌కు విడిగా ఒక పేజీ ఉంది. మామూలు గుర్తుల జాబితాలో డబ్బాలు కలిసిపోవు. ఒక్కొక్క డబ్బా పేరు తెరిస్తే దాని వివరణ, పరిమాణం, వెతకడం ఎంత కష్టమో, దారి ఎంత కష్టమో చెప్పే 1 నుంచి 5 వరకు అంకెలు, ఇంతకుముందు వెతికినవారు రాసిన మాటలు, చివరగా సూచన వరుసగా కనిపిస్తాయి. నెట్‌వర్కు లేని చోట ఇవన్నీ చేతిలో ఉండడమే ఈ పరికరం కొనడానికి ప్రధాన కారణమని నా అభిప్రాయం. కొండ మీదకు నాలుగు కాగితాలు ముద్రించి తీసుకువెళ్లి, చెమటకు అవి తడిసిపోయి అంకెలు చెరిగిపోవడం ఎరిగినవారికి దీని విలువ తెలుస్తుంది.

అయితే ఈ వివరాలన్నీ రావాలంటే పరికరంలోకి జీపీఎక్స్ అనే రకం ఫైలు చేరాలి. లాక్ అనే మరో రకం ఫైలు కూడా ఉంది కాని, దానిలో పేరు, స్థానం తప్ప వివరణ గాని సూచన గాని ఉండవు. ఒకే విడతలో 1,000 డబ్బాల దాకా తెచ్చుకునే సౌకర్యాన్ని ప్రధాన వెబ్‌సైటు చందా కట్టిన సభ్యులకే ఇస్తుంది. ఈ మోడల్లో బ్లూటూత్ లేదు. కంప్యూటరుకు తీగతో కలిపి, గార్మిన్ అనే ఫోల్డరులో ఉన్న జీపీఎక్స్ ఫోల్డరులో ఫైలును వేయాలి. ఇంటి దగ్గర కూర్చున్నప్పుడు ఇది అయిదు నిమిషాల పనే, కాని దారిలో ఉండగా కొత్త డబ్బా సంగతి తెలిస్తే అంకెలను చిన్న మీటతో ఒక్కొక్కటిగా కొట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

నేను తడబడింది అక్కడే. బావగారు కాగితం మీద రాసిన అక్షాంశం 14.2136. ఫోను స్థానాన్ని పూర్తిగా డిగ్రీలలోనే, దశాంశ బిందువుతో చూపించింది. జియోకాషింగ్‌లో వాడుక డిగ్రీలు, ఆ తరువాత దశాంశాలతో నిమిషాలు. నేను ఆ తేడా గమనించకుండా 14 డిగ్రీల 21.36 నిమిషాలని కొట్టాను. రేఖాంశం దగ్గర కూడా అదే తప్పు చేశాను. తోటలోనే నిలబడి ఉండగా, డబ్బా ఇంకా 41 కిలోమీటర్ల దూరంలో నెల్లూరు వైపు ఉన్నట్టు తెర చూపించింది. బిందువు తరువాతి భాగాన్ని 60తో గుణించాలి. అంటే అది 14 డిగ్రీల 12.816 నిమిషాలు కావాలి. సెట్టింగులలో స్థానం చూపించే పద్ధతిని ముందుగా మార్చుకుంటే పరికరమే ఈ లెక్క చేసిపెడుతుంది. కొత్తగా కొన్నవారు మొదట తెరవవలసింది ఆ పేజీనే. నిమిషాల తరువాత మూడో దశాంశ స్థానంలో ఒక్క అంకె మారితే నేల మీద ఉత్తర దక్షిణాలుగా రెండు మీటర్లకు కొంచెం తక్కువ తేడా వస్తుంది గనుక, ఆ మూడు స్థానాలనూ జాగ్రత్తగా కొట్టాలి.

అంకెలు సరిదిద్దిన తరువాత దూరం 180 మీటర్లని చూపించింది. చాళ్ల మధ్యగా నడుస్తుంటే బాణం నిలకడగా ముందుకే చూపింది. పాత మోటబావి కనిపించేసరికి దూరం 6 మీటర్లకు దిగింది, తప్పు మరో 4 మీటర్ల వరకు ఉండవచ్చని తెర చెప్పింది. మేము ఆగాము. ఆగగానే బాణం ఎటుపడితే అటు తిరగడం మొదలుపెట్టింది. “మామా, మనం నిలబడే ఉండాం గదా, ఇదేంది గింగిరాలు తిరగతా ఉండాది?” అని మా మేనల్లుడు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈ మోడల్ నిర్మాణంలోనే ఉంది. 22ఎక్స్‌లో అయస్కాంత దిక్సూచి లేదు. మనం కదులుతున్నంతసేపు, ఒక స్థానానికీ తరువాతి స్థానానికీ ఉన్న తేడాను బట్టి అది మన దిక్కును లెక్కకడుతుంది. నిలబడితే లెక్కకు ఆధారం ఉండదు. ఇది పాడైన పరికరం లక్షణం కాదు, ధర తగ్గించడానికి వదిలేసిన భాగం. దీని జంట మోడల్ 32ఎక్స్‌లో దిక్సూచి, వాయుపీడనాన్ని బట్టి ఎత్తు కొలిచే సదుపాయం ఉన్నాయి. ఒక మిత్రుడి దగ్గర దాన్ని అడిగి తీసుకుని అదే తోటలో చూశాను; నిలబడినా బాణం కదలలేదు. కాకపోతే సెల్లు మార్చినప్పుడల్లా దాని దిక్సూచిని సరిచూసుకోవాలి, ఇనుప వస్తువులకు, వాహనాలకు దూరంగా ఆ పని చేయాలి.

దిక్సూచి లేకపోయినా డబ్బాను పట్టుకునే ఉపాయం ఒకటి ఉంది. పాతిక మీటర్లు వెనక్కి వెళ్లి, ఆగకుండా మామూలు నడకతో బాణం చూపిన దిక్కుకు రావాలి. మరో వైపు నుంచి మళ్లీ అలాగే రావాలి. రెండు దారులూ ఎక్కడ కలుస్తున్నాయో అక్కడ వెతకాలి. మేము మొదట తూర్పు నుంచి, తరువాత దక్షిణం నుంచి వచ్చాము. రెండు నడకలూ బావి గట్టు దగ్గర, రాతి వరసలు కొంచెం జారిన చోట కలిశాయి. అప్పుడు పరికరాన్ని జేబులో పెట్టి, కర్రతో ముందు సందులను తట్టి, పురుగూ పుట్రా లేవని చూసుకుని రాళ్ల మధ్యకు చూశాము. అక్కడ రెండు వరసల రాళ్లు నాచు పట్టి ఉండగా ఒక్క రాయి మాత్రం పొడిగా, అంచున కొత్త మట్టితో కనిపించింది. దాన్ని తీయగానే స్టీలు డబ్బా మూత మెరిసింది. మా వాడి ఆనందం నేను రాయగలిగేది కాదు.

దొరికిన సంగతిని పరికరంలోనే నమోదు చేయవచ్చు. దొరికింది, దొరకలేదు, మరమ్మతు కావాలి, ఇంకా వెతకలేదు అనే నాలుగింటిలో ఒకటి ఎంచుకుని, రెండు మాటలు రాసుకుంటే, తేదీ, సమయంతో సహా ఒక చిన్న ఫైలులో చేరుతుంది. ఇంటికి వచ్చాక ఆ ఫైలును వెబ్‌సైటుకు ఎక్కిస్తే చిత్తుప్రతులుగా కనిపిస్తాయి. మీటతో అక్షరాలు ఏరుకోవడం నిదానమైన పని గనుక నేను ఊరి పేరు, ఒక గుర్తుమాట మాత్రమే రాసుకుంటున్నాను. నమోదు అయిన వెంటనే, దగ్గరలో ఉన్న తరువాతి డబ్బాకు దారి చూపమంటావా అని అడగడం నాకు బాగా నచ్చింది.

డబ్బాను దాచేవారికి పనికొచ్చే సదుపాయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవైపు ఈ ఆట పెరగాలంటే వెతికేవారికన్నా ముందు దాచేవారు కావాలి. దాని పేరు వేపాయింట్ యావరేజింగ్. ఒకే చోటు స్థానాన్ని పలుమార్లు కొలిచి సగటు తీస్తుంది. ఒక్కొక్క కొలతకు మధ్య కనీసం 90 నిమిషాల ఎడం ఇచ్చి, నాలుగు నుంచి ఎనిమిది కొలతలు తీయాలని సూచనల పుస్తకం చెబుతుంది. ఆకాశంలో ఉపగ్రహాల అమరిక గంటగంటకూ మారుతుంది గనుక, ఒక అమరికలో వచ్చిన తప్పును మరొకటి సవరిస్తుంది. ఎడం లేకుండా వరుసగా తీసిన కొలతలకు ఆ ప్రయోజనం తక్కువ. దాచే ముందు స్థలం యజమాని అనుమతి తీసుకోవాలి, నేలలో పాతకూడదు, మరో డబ్బాకు 161 మీటర్లలోపు ఉండకూడదు. ఉదయగిరి దుర్గం వంటి చారిత్రక స్థలాలలో రాళ్ల సందుల్లో ఏదీ దూర్చకూడదని నేను గట్టిగా కోరుతున్నాను. అటువంటి చోట్లకు డబ్బా లేకుండా, అక్కడి శిలలను చూసి జవాబులు రాసే ఎర్త్‌కాష్ పద్ధతి తగినది.

ఉదయగిరి కొండకు మాత్రం ఈ పరికరాన్ని తప్పక తీసుకువెళ్లమంటాను, డబ్బాల కోసం కాదు. ఎక్కేటప్పుడు నడిచిన దారిని ఇది గీతగా దాచుకుంటుంది. దిగేటప్పుడు ట్రాక్‌బ్యాక్ నొక్కితే అదే గీత మీదుగా వెనక్కి తీసుకువస్తుంది. ముళ్లకంపల మధ్య కాలిబాటలు రెండుగా చీలే చోట నాకు అది రెండుసార్లు దారి చూపింది. లోపల ఉండే పటం పరికరం ఏ ప్రాంతంలో అమ్మకానికి తయారైందో దాన్ని బట్టి ఉంటుంది గనుక, కొనే ముందు మన దేశపు పటం ఉందో లేదో అడగాలి. లేకపోతే అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం ఆధారంగా చేసిన ఉచిత పటాన్ని మెమరీ కార్డులో వేసుకోవచ్చు.

తీగతో పని వద్దనుకునేవారికి 2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్ఈ ఉంది. దానిలో దిక్సూచి, బ్లూటూత్ ఉన్నాయి, 168 గంటల దాకా నడుస్తుందని కంపెనీ మాట. కాని తెర నలుపు తెలుపు, పటాలు ఉండవు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ మోడళ్ల జోలికి మాత్రం లైసెన్సు లేకుండా మన దేశంలో పోవద్దు. డబ్బు కొంచెం ఎక్కువైనా సరే అనుకునేవారు 32ఎక్స్ తీసుకోవడమే మంచిది. నడుస్తూ వెతకడం అలవాటు చేసుకోగలవారికి 22ఎక్స్ సరిపోతుంది. నేను నాది మార్చడం లేదు. బావి గట్టు డబ్బాను మైపాడులో ఉండే మిత్రుల పిల్లలు వచ్చి వెతుకుతామన్నారు. దాని స్థానానికి మూడు కొలతలు అయ్యాయి, నాలుగోది ఆదివారం పొద్దున్నే తీసి వారికి అంకెలు పంపాలి.