న్యూయార్క్‌లో ఇల్లు: రోజుల లెక్కనా, నెల లెక్కనా?

న్యూయార్క్ సిటీలో 30 రోజుల లోపు అద్దెకివ్వాలంటే లోకల్ లా 18 కింద రిజిస్ట్రేషన్ తప్పదు, 2023 సెప్టెంబర్ నుంచి గట్టిగానే అమలు చేస్తున్నారు. 30 రోజులు, ఆపైన ఇస్తే అది అక్కర్లేదు.

రోజుల లెక్క: మీరూ అదే ఇంట్లో ఉండాలి, గెస్టులు ఇద్దరికి మించకూడదు, లోపలి గదులకు తాళాలు కూడా వేయకూడదు (అంటే పొద్దున్నే మీ వంటింట్లో ఎవరో కాఫీ కలుపుకుంటూ కనిపిస్తారు). తప్పితే జరిమానా 5,000 డాలర్ల దాకా.

నెల లెక్క: దుప్పట్లు ఉతికే పని తక్కువ, రోజు లెక్కన చూస్తే డబ్బులూ తక్కువే. అసలు టెన్షన్ వేరే, 30 రోజులు నిండాక మనిషి కదలనంటే కోర్టుకే వెళ్లాలి.

ఒక గది ఖాళీగా ఉండి మీరూ ఇంట్లోనే ఉంటే మొదటిది. ఆరు నెలలు ఇండియా వెళ్తుంటే రెండోదే, కాకపోతే మనిషిని చూసి ఇవ్వండి. రెంట్ స్టెబిలైజ్డ్ ఫ్లాటా (అంటే అద్దె ఎంత పెంచాలో ప్రభుత్వం హద్దు పెట్టినది)? రోజుల లెక్క మర్చిపోండి.